నా పక్కన నిలబడి చూసిన పిల్ల

నా చూపు పోతున్న సంగతి అందరికంటే ముందు నాకు తెలిసింది. నా తర్వాత తెలిసింది నా మనవరాలికి. ఈ రెండింటి మధ్య ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరలో ఒక పసిపిల్ల బుర్ర ఎలా ఎదుగుతుందో నేను చూసినంత దగ్గరగా ఇంకెవరూ చూసి ఉండరు. ప్రేమ కొద్దీ చూశానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ప్రేమ ఉంది గానీ, చూసింది అవసరం కొద్దీ. పిల్లకు విషయం అర్థమైన రోజు నా గుట్టు బయటపడుతుంది, పిల్లను నా దగ్గర నుంచి తీసుకుపోతారు. అందుకే దానికి ఎంత తెలుసో, ఎంత తెలియదో రోజూ కనిపెట్టుకుని ఉండేవాణ్ణి.

మాది కారేపల్లి. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో పనిచేసి, సర్దారుగా రిటైరయ్యాను. మా వైపు గనిని బాయి అనే అంటారు. సర్దారంటే పెద్ద అధికారి ఏమీ కాదు, షిఫ్టులో కొంతమంది మనుషులనూ, వాళ్ల నెత్తి మీది కప్పునూ చూసుకునేవాడు. క్వార్టర్ ఖాళీ చేశాక ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. కట్టుకున్న మూడేళ్లకు నా భార్య పోయింది. ఒక్కతే కూతురు, భద్రాచలంలో స్టాఫ్ నర్సు. అల్లుడిదీ అక్కడే ల్యాబులో షిఫ్టు ఉద్యోగం. ఇద్దరి డ్యూటీలూ కుదరక, రెండున్నరేళ్ల పిల్లను తెచ్చి నా దగ్గర ఉంచారు. వారానికోసారి ఆఫ్ దొరికినప్పుడు కూతురు బస్సెక్కి వచ్చేది. పిల్లను ఉంచిన రోజే ఒక మాట గట్టిగా చెప్పింది.

"నాయినా, నీ పానం మంచిగున్నన్ని రోజులే పిల్ల నీ దగ్గరుంటది. నీకేమన్న అయితే దాచొద్దు. నేను తీస్కపోత."

"నాకేమైతది" అన్నాను.

ఏడాది తిరిగేసరికి అయింది. పక్క నుంచి వచ్చే మనుషులు ఉన్నట్టుండి ఎదురుగా ఊడిపడినట్టు కనిపించడం మొదలైంది. గుమ్మాలు భుజాలకు తగిలేవి. పెన్షన్ పని ఉందని చెప్పి, పిల్లను అంగన్‌వాడీలో దింపి, ఖమ్మం పోయి కళ్ల డాక్టరుకు చూపించుకున్నాను. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు. పక్కచూపు చాలామట్టుకు పోయిందనీ, పోయింది తిరిగి రాదనీ, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చనీ చెప్పాడు. ఈసారి ఇంట్లోవాళ్లను ఎవరినైనా వెంట తెచ్చుకోమన్నాడు. ఎవరూ లేరన్నాను. ఇంటికొచ్చి మందు సీసాను ఖాళీ టీపొడి డబ్బాలో పెట్టి మూత బిగించాను.

నా మొండితనం సంగతి నాకు తెలుసు. అన్నేళ్లు ఇతరుల ప్రాణాలకు జవాబుదారీగా ఉన్నవాణ్ణి, నాకు కనిపించడం లేదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. అంతకంటే పెద్ద సంగతి, పిల్ల పోతే ఆ రెండు గదుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనేం చేయాలో నాకు తెలియలేదు. ఎదురుగా అన్నం పళ్లెం మేర చూపు మిగిలింది. దాని బయట ఏముందో తల తిప్పితే తప్ప తెలియదు. చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఇది కూడా స్కెచ్ పెన్నుతో, పేజీకి ఆరేడు వరుసల చొప్పున రాస్తున్నాను.

చూపు విషయంలో బాయిలో మాకొక పద్ధతి ఉండేది. టోపీకి దీపం ఉంటుంది కాబట్టి తల ఎటు తిప్పితే వెలుగు అటు పడుతుంది. కొత్తగా వచ్చినవాడిని పలకరిస్తే గభాల్న తిరిగి మన మొహంలోకి చూస్తాడు. వాడికి మన మొహం పట్టపగల్లా కనిపిస్తుంది. మనకు మాత్రం కళ్లు బైర్లు కమ్మి, కాసేపు ఏమీ కనిపించదు. తనకు కనిపిస్తోంది కాబట్టి అవతలివాడికీ కనిపిస్తోందనే అనుకుంటాడు వాడు. అందుకని అక్కడ మొదటి రోజు చెప్పే మొదటి పాఠం, మాట్లాడేటప్పుడు మొహం పక్కకు తిప్పమని. డిగ్రీలు చదివొచ్చిన కుర్రాళ్లకు కూడా ఇది ఒంటబట్టడానికి నెలలు పట్టేది. తిట్టేవాణ్ణి. నా తిట్లు ఇంకో మలుపు దాకా వినిపించేవని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి అలవాటైతే మాత్రం ఇక పోదు. మా బాయి మనుషులు పెళ్లిళ్లలో కూడా ఎవరి పక్కన గోడకు వాళ్లు చెబుతున్నట్టు మాట్లాడుకుంటారు. కొత్తలో నా భార్య దీనికి బాగా నొచ్చుకుంది. "నా మొకం సూడబుద్ధి కాకపోతే ఎందుకు చేస్కున్నవ్" అని అడిగింది. అసలు సంగతి చెప్పి ఆమెను నవ్వించేసరికి నాకు వారం పట్టింది. ఇప్పుడేమో మనిషి కనిపించాలంటే నేరుగా మొహంలోకే చూడాలి. రిటైరయ్యాక ఈయనకు మనిషిని చూసి మాట్లాడే మర్యాద వచ్చిందని మా చర్చిలో అనుకున్నారట.

పిల్లకు మూడున్నరేళ్లు ఉన్నప్పుడు ఒక ఆఫ్ రోజున మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. పిల్ల తన బొమ్మల పుస్తకం తెరిచి, బొమ్మ తన వైపే ఉంచుకుని, అట్ట నాకు చూపిస్తూ, "తాతా, ఏనుగు సూడు, ఎంత పెద్దగుందో" అంది. "మస్తుంది బిడ్డా" అన్నాను. దానికి తృప్తి అయింది. నా కూతురు పగలబడి నవ్వింది.

"దానికి కనిపిస్తే నీకు గూడ కనిపిస్తదనే అనుకుంటది నాయినా. మాకు చదువులో వచ్చింది. బల్ల మీద మూడు కొండల బొమ్మ పెట్టి, అటు దిక్కు కూసున్న మనిషి బొమ్మకు ఏం కనిపిస్తదని అడిగితే, చిన్న పిల్లలు తమకు కనిపించేదే చెప్తరట. ఎదుటోళ్ల దిక్కు నుంచి చూడవచ్చేసరికి ఆరేడేండ్లు పడ్తయట."

"ఆరేడేండ్లా?"

"కొందరు ఇంకా ముందే నేర్చుకుంటరని గూడ అంటరు. అందరు పిల్లలు ఒక్కతీరు ఉండరు కదా."

ఆమె చదివిన పాఠం ఆమె మురిపెంగా చెప్పింది. నేను మాత్రం లోపల లెక్క వేసుకున్నాను. ఆరు అనుకున్నా ఇంకా రెండున్నరేళ్లు ఉంది. తాతకు కనిపించడం లేదని ఈ పిల్లకు తట్టే అవకాశమే లేదు. దానికి కనిపిస్తున్నంత కాలం నాకూ కనిపిస్తున్నట్టే లెక్క. ఎవరికైనా సందేహం వచ్చి అడిగినా, తాతకు అన్నీ కనిపిస్తాయనే చెబుతుంది, అదీ నమ్మి చెబుతుంది. ఇంతకంటే మంచి సాక్షి నాకు ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజులు నాకు పండగలా గడిచాయి. దాగుడుమూతలంటే గది మధ్యలో నిలబడి రెండు చేతులతో కళ్లు మూసుకునేది. తనకు చీకటైతే నాకూ చీకటే అని దాని లెక్క. నేను కాసేపు మంచం కిందా, సంచుల వెనకా వెతికి, ఓడిపోయానని ఒప్పుకునేవాణ్ణి. మజ్జిగ పొట్టి గ్లాసులో పోస్తే తక్కువైందని ఏడ్చేది. అదే మజ్జిగ దాని కళ్ల ముందే పొడుగు గ్లాసులోకి వంచితే, ఎక్కువైందని నవ్వుతూ తాగేది. నాకు జ్వరమొచ్చి పడుకుంటే, తను ఏడ్చినప్పుడు వాళ్లమ్మ ఇచ్చే చెవి ఊడిన కుందేలు బొమ్మను తెచ్చి నా చంకలో పెట్టి, దుప్పటి కప్పింది. ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు దేవుడికి మనం కనిపించం కదా అని అడిగింది. దీన్ని తెలివితక్కువతనం అనడానికి నాకు నోరు రాదు. ఉన్న కాస్త సరుకుతో ప్రపంచం మొత్తానికి లెక్క కట్టి చూపించేది. ఆ లెక్కలో ఎక్కడా తడబాటు ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది దాని మాట. ఆ వయసు పిల్లలు చేసే పనినంతా పైకి చెప్పుకుంటూ చేస్తారు. ఎవరైనా వింటున్నారా లేదా అన్నది వాళ్లకు పట్టదు. ఇంటి నుంచి అంగన్‌వాడీ దాకా ఉన్న దారిలో నా వేలు పట్టుకుని నడుస్తూ అది ఆపకుండా మాట్లాడేది.

"ఇప్పుడు బురద వచ్చింది. నేను బురద దుంకుతున్న. ఇప్పుడు బర్రె ఉంది. బర్రె తోక ఊపుతుంది. నేను జర దూరం పోత. ఇప్పుడు పెద్ద రాయి. రాయి పక్క నుంచి పోత."

ఒక్క ముక్క కూడా నాకోసం చెప్పింది కాదు. నేను ఆ మాటల మీదే నడిచాను. అది బురద అంటే నేను కాలు సాచి వేసేవాణ్ణి, రాయి అంటే జరిగేవాణ్ణి. తాతామనవరాళ్లు ఎంత ముచ్చటగా నడుస్తారో అని దారి పొడుగునా మెచ్చుకునేవారు. నేను కూడా మెచ్చుకుంటున్నట్టే తల ఊపి ముందుకు పోయేవాణ్ణి.

అయిదో ఏడు నిండబోతుండగా ఆ మాట తగ్గుతూ వచ్చింది. ముందు గొణుగుడైంది. తర్వాత పెదాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. ఫోన్లో కూతురిని ఈ సంగతి మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను.

"పిల్ల ముచ్చట్లు తక్కువైనయ్. నారాజుగ ఉందా ఏంది?"

"ఏం లేదు నాయినా, మాట లోపలికి పోతది ఆ వయసుకు. గదే ఆలోచన. మన పిల్ల ఎదుగుతుంది."

గర్వంగా చెప్పింది. నాకూ గర్వంగానే అనిపించింది, దాంతోపాటు భయమూ వేసింది. పిల్ల ఆలోచన నేర్చుకుంటుంటే నాకు దారి మూసుకుపోతోంది.

ఆ వారంలోనే పడ్డాను. మిర్చి బస్తాలు దింపడానికి ఎవరో ట్రాక్టర్ ఆపి, ట్రాలీ వెనక తలుపు కిందికి దించి వదిలేశారు. అది నా ఎడమ పక్క నుంచి దారికి అడ్డంగా పొడుచుకొచ్చి ఉంది. పిల్ల దూరం నుంచే చూసి, నా వేలు వదిలి, సులువుగా చుట్టూ తిరిగి పోయింది. నేను నేరుగా పోయి దానికి నడుం కొట్టుకుని, పక్కనున్న మోరీలో మోకాళ్ల మీద పడ్డాను. బస్తాలు మోస్తున్నవాళ్లు వచ్చి లేపారు. ఎండకు కళ్లు తిరిగాయని వాళ్లకు చెప్పాను. నమ్మారు.

పిల్ల మాత్రం ఏడవలేదు, దగ్గరికి రాలేదు. ట్రాలీనీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"తాతా, నీకు గది కనిపియ్యలేదా?"

ఏడాదిన్నరలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. డాక్టరు తర్వాత అదే మొదటి మనిషి. "ఎటో చూస్తున్న బిడ్డా" అన్నాను. అది నేను నడిచొచ్చిన చోటికి వెనక్కి పోయి, నేను తిరిగిన వైపే తిరిగి నిలబడి, ట్రాలీ తలుపు అక్కడి నుంచి కనిపిస్తోందా లేదా అని చూసుకుంది. దానికి కనిపించింది. మళ్లీ నా వైపు చూసింది. దాని బుర్రలో ఏదో తిరిగి సర్దుకుంటున్నట్టు నాకు అనిపించింది.

ఆ సాయంత్రం మోకాలికి పసుపు పెట్టుకుని కూర్చుంటే, పిల్ల వచ్చి నా చెవి పక్కగా చెయ్యి పెట్టింది. పెట్టిందని మాట వినబడ్డాకే తెలిసింది.

"తాతా, ఎన్ని వేళ్లు?"

"మూడు" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఊఁ" అంది. ఆ చెయ్యిని మెల్లగా ముందుకు తెచ్చింది. ఎక్కడో ఒక దగ్గర అది నాకు కనిపించింది. ఒక్కటే వేలు ఉంది. ఇంకో పక్క కూడా అలాగే చేసి చూసింది. ఖమ్మంలో డాక్టరు మిషన్ పెట్టి చేసిన పరీక్షను ఈ పిల్ల వేలితో చేసింది. దానికి ఇలా ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. పరీక్ష అయ్యాక లేచి ఆడుకోవడానికి పోయింది. నేను మాత్రం ఇక అయిపోయిందనుకున్నాను. రాత్రికి వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది, ఇది చెప్పేస్తుంది. ఫోన్ వచ్చింది. పిల్ల అంగన్‌వాడీలో గుడ్డు పెట్టారని చెప్పి, ఫోన్ నాకిచ్చింది.

మర్నాడు దారిలో దాని మాట మళ్లీ మొదలైంది.

"తాతా, నీ ముంగట బురద ఉంది. తాతా, నీ ఎడమ పక్క బర్రె కట్టేసి ఉంది."

ఆ మాటలు విని నేను దారిలోనే ఆగిపోయాను. నిరుటి మాటలన్నీ దాని కోసం అది చెప్పుకున్నవి. ఇప్పుడు తాతా అని పిలిచి, నీ ముంగట అని నా వైపు నుంచి చెబుతోంది. తన దారిలో లేని రాళ్లు కూడా నా దారిలో ఉంటే చెబుతోంది. తన ఎత్తుకు ఎప్పటికీ తగలని దండెం తీగను కూడా, "తాతా, నీ నెత్తికి తాకుతది, వంగు" అని చెప్పింది. దాని ఎత్తు నా నడుము దాకా ఉంటుంది. నా నెత్తి దగ్గర ఏముందో దానికేం పని?

మొదట్లో తప్పులు రాకపోలేదు. పక్కపక్కన నడిచేటప్పుడు బాగానే చెప్పేది. ఎదురుగా నిలబడితే మాత్రం చిక్కొచ్చేది. నా ముందు నిలబడి "ఎడమకు జరుగు" అంది ఒకరోజు, దాని ఎడమ. నేను నా ఎడమకు జరిగి తలుపు గడియకు మోచెయ్యి కొట్టుకున్నాను. చాలాసేపు అక్కడే నిలబడి ఆలోచించింది. అప్పటి నుంచి ఎదురుగా ఉన్నప్పుడల్లా ముందు నా పక్కకు వచ్చేది, నేను తిరిగిన వైపే తిరిగి నిలబడేది, అన్నం తినే చెయ్యి ఒకసారి ఎత్తి చూసుకునేది, అప్పుడు చెప్పేది. కొన్నాళ్లకు పక్కకు రావడం కూడా మానేసింది. ఉన్నచోటే ఒక్క క్షణం కళ్లు మూసుకుని, లోపలే ఇటు తిరిగొచ్చినట్టు తిరిగొచ్చి, సరిగ్గా చెప్పేది. నేను బాయిలో ఎంతమందికి ఎన్ని తిట్లు తిట్టి నేర్పానో, ఈ పిల్ల ఎవరితోనూ ఒక్క మాట పడకుండా తనంత తాను నేర్చుకుంది. అది పడుకున్నాక కూడా ఆ పని తలుచుకుని నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకునేవాణ్ణి. నా జీవితంలో చాలామంది పనిమంతులను చూశాను. ఇంత పనిమంతురాలిని చూడలేదు.

చర్చిలో నేను పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ణి గానీ, పాటలన్నీ నోటికొచ్చినవే. ఏ పేజీ తెరిచానో నాకే తెలిసేది కాదు. పిల్లకు అప్పటికి అంకెలు వచ్చాయి. ఒక ఆదివారం అందరూ నిలబడి పాడుతుంటే, అది బెంచీ మీదికెక్కి, బోర్డు మీద రాసిన నెంబరు చూసి, నా చేతిలోని పుస్తకాన్ని చప్పుడు కాకుండా సరైన పేజీకి తిప్పింది. తిప్పి, మళ్లీ ముందుకు చూస్తూ పాడింది. ఏడాది కిందటైతే తాత వేరే పాట పట్టుకున్నడని చర్చి అంతా వినబడేలా చెప్పేది. నా పరువు ఎక్కడుందో కూడా దానికి తెలిసిపోయిందని నాకు అప్పుడర్థమైంది.

కిరాణా కొట్టుకు పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. బొగ్గు లారీలు ఆగకుండా తిరిగే రోడ్డు అది. నేను దాన్ని దాటిస్తున్నానని చూసేవాళ్లు అనుకునేవారు. అసలు జరిగేది వేరు. అది రోడ్డు అంచున నా రెండు వేళ్లు కలిపి గట్టిగా పట్టుకునేది. "ఇప్పుడు కాదు తాతా" అనేది. లారీ పోయేది. "ఇప్పుడు కాదు" అనేది. చివరికి "ఇప్పుడు" అనగానే ఇద్దరం నడిచేవాళ్లం. అవతలికి పోయాక నా వేళ్ల మీద దాని గోళ్ల గుర్తులు కనిపించేవి. ఇంత చిన్న వయసులో ఎంత బాధ్యత అని మురిసిపోయాను. కొట్టులో దానికి ఇష్టమైన బిస్కెట్ కొనిచ్చేవాణ్ణి.

అలా ఇంకో అయిదు నెలలు నడిచింది. ఇక దాచే పని నాది కాదు, మా ఇద్దరిదీ. ఈ సంగతి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. చెప్పొద్దని నేను అడగలేదు, చెప్పనని అది అనలేదు. కూతురు వచ్చినప్పుడల్లా "పానం మంచిగున్నదా నాయినా" అని అడిగేది, "మంచిగనే ఉన్నది" అని నేననేవాణ్ణి. పిల్ల అక్కడే కూర్చుని వినేది. 

ఒకరోజు సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"ఇయ్యాల తాత కథ చదివిండా బిడ్డా?"

"అవ్, చదివిండు."

"ఏం కథ?"

"ఏనుగు ఊర్లకొచ్చిన కథ."

"మొత్తం చదివిండా?"

"మొత్తం చదివిండు. తాత జల్దీ జల్దీ చదువుతడు" అంది పిల్ల. అని, నా మొహం ఎలా ఉందో చూసింది.

ఆ పుస్తకం తెరిచి నెలలైంది. కథ చెప్పేది పిల్లే, బొమ్మలు చూసుకుంటూ. నాకు ముందు వచ్చింది సంతోషమే, ఆ మాట దాచుకోను. ఎంత తెలివి అనుకున్నాను. వాళ్లమ్మ ఏమనుకుంటోందో తెలుసు, నిజమేమిటో తెలుసు, ఆ రెండూ వేరని తెలుసు, వాళ్లమ్మ అనుకుంటున్నదాన్ని ఎలా నిలబెట్టాలో కూడా తెలుసు. అయిదున్నరేళ్ల బుర్ర మోయగలిగిన బరువేనా అది? అన్నం ముందు కూర్చున్నాక గానీ నాకు రెండో సంగతి తట్టలేదు. ఆ పిల్ల నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం అది. తన కోసం ఆడింది కాదు, నాకోసం ఆడింది. ఎలా ఆడాలో ప్రతివారం నేనే దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాను. సిగ్గేసింది.

తర్వాతి ఆఫ్ రోజున కూతురు వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చోగానే చెప్పేశాను. టీపొడి డబ్బా తెచ్చి ముందు పెట్టాను. ఆమె మూత తీసి, సీసా బయటికి తీసి, పేరు చదివి, తేదీ చూసి, మందు రోజుకు ఎన్నిసార్లు వేస్తున్నానో అడిగింది. పేషెంటును అడిగినట్టే అడిగింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది.

"ఎప్పటి నుంచి?"

"రెండేండ్లు కావస్తుంది."

"రెండేండ్లు. గా రోడ్డు మీద పిల్లను పట్టుకోని తిరిగినవ్ నాయినా."

"నేను పట్టుకోలేదు. అదే నన్ను పట్టుకున్నది" అన్నాను. నిజమే చెప్పాను గానీ, ఆ మాటలో నాకు ఇంకా గర్వమే ఉంది. దాని తెలివి అంతా ఆమెకు వరుసగా చెప్పాలనిపించింది. వేళ్ల పరీక్ష, ఎడమ కుడి, పాటల పుస్తకం, అన్నీ.

ఆమె నా మాట వినిపించుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లను దగ్గరికి పిలిచింది.

"తాతకు కనిపిస్తలేదని నీకు తెల్సా?"

"తెల్సు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను తీస్కపోతవ్. నేను పోతే తాతకు ఎడమ పక్క ఏముందో ఎవలు చెప్తరు?"

నా గుండె నిండిపోయింది. చూశావా నా మనవరాలిని అన్నట్టు కూతురి వైపు తిరిగాను. ఆమె నన్ను చూడటం లేదు. పిల్ల రెండు చేతులూ పట్టుకుని, వాటినే చూస్తోంది.

"నీకు భయం కాలేదా బిడ్డా?"

పిల్ల ముందు నా వైపు చూసింది. నేను నొచ్చుకుంటానేమోనని చూసిన చూపు అది. ఆ తర్వాత తల దించుకుంది.

"అయింది."

"ఎప్పుడు?"

"రోజు అయితది. రోడ్డు కాడ. తాతకు చెప్తే తాతకు గూడ భయమైతదని చెప్పలే."

నేను ఆ ప్రశ్న ఒక్కనాడు కూడా అడగలేదు. నా వేళ్ల మీద గోళ్ల గుర్తులు రోజూ చూశాను, చూసి మురిసిపోయాను, బిస్కెట్ కొనిపెట్టాను. ఆ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడి నాకేం కనిపిస్తుందో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. దాని పక్కన నిలబడి, అంత ఎత్తు నుంచి ఆ లారీలు ఎలా కనిపిస్తాయో చూడాలని నాకు తట్టలేదు. ఆరేడేళ్లకు వచ్చేస్తుందన్న బుద్ధి నాకు అరవై దాటినా రాలేదు.

స్కూలు చూసుకోవాలి, డ్యూటీలు మార్పించుకోవాలి, నెల రోజులు పడుతుందంది కూతురు. అప్పటిదాకా ఏం చేద్దామని నన్నే అడిగింది.

"ఇయ్యాలనే తీస్కపో" అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. నేను లేచి పిల్ల గౌన్లు మడత పెట్టడం మొదలుపెట్టాను. అటుపక్క గౌను ఒకటి మర్చిపోయానని పిల్ల చెప్పింది. అది కూడా సంచిలో పెట్టాను. వచ్చే వారం వచ్చి నన్ను ఖమ్మం తీసుకుపోతానని కూతురు అంది. సరేనన్నాను.

బస్సు కోసం పెద్ద రోడ్డు దాటి అవతలికి పోవాలి. నేనూ వెళ్లాను. కూతురు మధ్యలో నిలబడి, ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో పిల్లనూ పట్టుకుంది. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను తల తిప్పి పిల్ల ఎక్కడుందో వెతికి చూశాను. తల్లి చేతికి వేలాడుతూ, ఒంటికాలి మీద గెంతుతూ, కొత్త చెప్పుల మీది పువ్వును వంగి చూసుకుంటోంది. రోడ్డు దాటేంతసేపూ అది ఒక్కసారి కూడా లారీల వైపు చూడలేదు.